ఏరు వచ్చి ఆగిన రాయి

కొత్తిమీర మడి నడిమధ్యలో ఒకమ్మాయి నిలబడి ఉంది. చేతిలో తనకంటే రెండింతల పొడవున్న కొలత కర్ర, కాళ్ళకు పెద్ద బూట్లు. ఆ బూట్ల కింద గిరీష్ వేసిన కొత్తిమీర, మొన్ననే మొలకెత్తింది.

"మేడమ్, అట్ల పక్కకు జరగండి," అన్నాడు గిరీష్, నీళ్ళ పైపు చేత్తో పట్టుకుని.

"ఒక్క నిమిషమప్పా. ఆ ఒడ్డున రీడింగ్ తీస్తాండారు. నేను కదిలితే లెక్క తప్పిపోతాది."

"మీరు కదలకపోతే నా మడి పోతాది."

ఆమె కిందికి చూసింది. ఒక బూటు ఎత్తి మళ్ళీ చూసింది. "ఇది గడ్డి కాదా?"

"గడ్డే మేడమ్. మదనపల్లె జనమంతా సాంబార్లో ఈ గడ్డే ఏసుకుంటాండారు."

అవతలి ఒడ్డు నుంచి ఎవరో చెయ్యి ఊపారు. ఆమె కర్ర భుజాన వేసుకుని, ఆచితూచి అడుగులేస్తూ గట్టు మీదికి వచ్చింది. ఆచితూచి వేసిన ఆ అడుగులే ఇంకో రెండు వరసల్ని తొక్కేశాయి. గిరీష్ తిట్టడానికి నోరు తెరిచాడు. అప్పటికే ఆమె రెండు చెవులూ పట్టుకుని నిలబడింది. తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

ఆమె పేరు ఉషారాణి, ఊరు కుప్పం. ఇంజినీరింగ్ చదివి ఒక సర్వే కంపెనీలో చేరి, ఏటిని బాగుచేసే ప్రాజెక్టు పని మీద మదనపల్లెకు వచ్చింది.

ఏరంటే పెద్దగా ఊహించుకోకండి. కాగితాల్లో దాని పేరు బాహుదా. ఊళ్ళోవాళ్ళకు ఉత్త ఏరు. వానాకాలంలో నాలుగు రోజులు నీళ్ళు, మిగిలిన రోజులన్నీ సగం ఊరి మురుగు, ప్లాస్టిక్ కవర్లు, మార్కెట్లో అమ్ముడుపోని టమోటాలు. వంతెన దాటేటప్పుడు జనం ముక్కు మూసుకుంటారే తప్ప తల తిప్పి చూడరు. అలాంటి దాన్ని కుప్పం నుంచి ఒక పిల్ల వచ్చి బాగుచేస్తానంటే గిరీష్‌కు నవ్వొచ్చింది.

మర్నాడు ఆమె కిలో ధనియాలు తెచ్చి ఇచ్చింది.

"తొక్కినందుకు. మళ్ళా ఏసుకో."

గిరీష్ పొట్లం విప్పి చూశాడు. "ఇవి యాడ కొన్నారు?"

"పచారీ కొట్లో."

"ఇవి రసంపొడికి మేడమ్. మొలవవు."

"మొలిస్తే?"

"మొలిస్తే మీరడిగింది ఇస్తా."

మొలిచాయి. పది రోజుల తర్వాత ఆమె గట్టు మీద చేతులు కట్టుకుని ఆ మొలకల్ని తృప్తిగా చూసుకుంది. "అయితే నన్ను మేడమ్ అనేది మానుకో," అంది. అడిగింది అంతే. ఇంకొంచెం పెద్దదేదైనా అడుగుతుందేమోనని గిరీష్ పది రోజులూ ఆశపడ్డాడు.

ఆ తర్వాత ఉష రోజూ వచ్చింది. సర్వే అయ్యాక పక్కింటి లాల్ బీ కిటికీలోంచి అందించే టీ తాగుతూ, ఇద్దరూ ఒడ్డున కూర్చునేవారు. లాల్ బీ మొగుడు ఘని తోపుడు బండి మీద అరటిపండ్లు అమ్ముతాడు. ఆయన దినమూ రెండు పండ్లు తెచ్చి ఉష చేతిలో పెట్టి, గిరీష్‌ని చూసి ఒక దగ్గు దగ్గి వెళ్ళిపోయేవాడు.

"ఏటికి గోడలు కడితే బాగుపడదు గిరీష్. దానికి చోటు కావాల," అనేది ఉష. "మురుగు వచ్చి పడే కాడ జమ్ము పెంచితే నీళ్ళు వడగట్టుకుంటాయి. గట్టున కానుగ, నేరేడు. నడిసేదానికి ఒక దోవ. నిమ్మనపల్లె దిక్కు నుంచి వరద దిగినప్పుడు పరుసుకునేదానికి ఖాళీ నేల. అంతే."

"మధ్యలో నా మడి?"

"మీ మడి ఏటిదే. నువ్వు దానికి కౌలు ఇస్తాండావా?"

"అడిగితే ఇస్తా. మీ ఏరు ఎప్పుడూ అడగలా."

ముందుగా ఒక రెండొందల అడుగుల మేర చెత్త ఎత్తి, గట్టు సవరించి, కానుగ మొక్కలు నాటారు. గిరీష్ తన బోరు నీళ్ళే పోశాడు. ఆషాఢం వెళ్ళేసరికి అక్కడ నిలిచిన కాస్త నీటిలోకి నీటికోళ్ళు దిగాయి. ఉష పెదవులు కదుపుతూ, వేలు ఆడిస్తూ వాటిని ఎంచుతుంటే గిరీష్ ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

"ఎన్ని?" అని అడిగింది తిరిగి.

"ఒకటే," అన్నాడు.

ఆమె నవ్వలేదు. కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రం ఇంటికి పోతూ గిరీష్ ఈల వేశాడు. మడి పోతే పోనీ, ఏరు బాగుపడితే చాలనుకున్నాడు. ప్రేమలో పడినవాడికి ఇలాంటి దానగుణం ఊరికే వస్తుంది.

ఒక్క పని మాత్రం మిగిలిపోయింది. పూర్వం వరద ఎంత ఎత్తుకు వచ్చిందో తేల్చాలి. ఆ మట్టానికి గీత గీసి, దానికి పైన ఇంకో పది మీటర్లు ఖాళీగా వదలాలని రూలు. ఊరి మధ్య పారే ఈ ముక్కకు పాత రికార్డులేవీ దొరకలేదు.

"జనం పెట్టుకున్న గుర్తయినా చాలు," అంది ఉష. "గోడ మింద గీత, రాయి, ఏదైనా. రిపోర్టు పై వారం ఇయ్యాల."

తెలియదని గిరీష్ చెప్పి ఉండవచ్చు. కానీ ఆమె అలా దిగాలుగా మొహం పెట్టుకుని ఉంటే అతనివల్ల కాలేదు.

"నేను చూపిస్తా, రా."

వాళ్ళ పెరట్లో నడుమెత్తు రాతి పలక ఒకటి ఉంది. పసుపు పూసి పూసి దాని అసలు రంగు ఏమిటో ఎవరికీ గుర్తులేదు.

"మా అవ్వ బయ్యమ్మ పెండ్లయి వచ్చిన ఏడే ఏరు పొంగిందంట," అన్నాడు గిరీష్. "నీళ్ళు వచ్చి ఆగిన కాడ రాయి నాటి, కొత్త కోడలి చేత బొట్టు పెట్టిస్తారు. 'వచ్చిన దోవనే పో తల్లీ' అని గంగమ్మకు చెప్పాల. రాయి దాటి ఏరు రాదు. రాయి దిగి మనం ఇల్లు కట్టకూడదు. అదీ మాట."

ఉష ఆ రాయిని వేళ్ళతో తాకింది. "అవ్వను ఒక తూరి అడగాల గిరీష్."

"అవ్వ పుంగనూర్లో మా మేనత్త ఇంట్లో ఉండాది. మోకాళ్ళకు మందు కట్టిచ్చుకుంటాండాది. ఆమెను అడిగేదేముంది? నాకు బుద్ధి తెలిసినకాడ నుంచి సూస్తానే ఉండా గదా."

ఉష అతని మొహంలోకి చూసింది. నమ్మింది. కర్ర తెచ్చి రాయి పక్కన నిలబెట్టింది.

వినాయక చవితి ముందు వీధిలో ఇరవై రెండిళ్ళ గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి. గిరీష్ ఇంటి మీద కూడా. దిగువన ఏటిలోకి చొచ్చుకుని గోడ కట్టిన సుబ్రమణ్యం కల్యాణ మండపం మీదా గుర్తు పడింది కానీ, వీధికి అది ఊరట కాలేదు. జనమంతా గిరీష్ గుమ్మం ముందుకొచ్చారు. పిల్ల మోజులో పడి వీధిని అమ్మేశాడని ఒకరన్నారు. అతను నేరుగా ఉష దగ్గరికి వెళ్ళాడు.

"ఇండ్లు పోతాయని ముందే యాల చెప్పలేదు?" అని ఉషను నిలదీశాడు.

"గీత యాడ పడతాదో లెక్కేసినాకే తెలుస్తాది. రాయి చూపించింది నువ్వే గదా."

"నీ కోసం చూపించినా."

"నేను నీ కోసం గీత వంకర గీయాల్నా?"

ఇద్దరూ అదే ఆఖరి మాటగా వదిలేసి చెరో దారిన పోయారు. మూడు వారాలు లాల్ బీ కిటికీలో ఒక్క టీ గ్లాసే కనిపించింది. కానుగ మొక్కలకు నీళ్ళు మాత్రం గిరీష్ మానలేదు. ఆమె లేని వేళ చూసి పోసి వచ్చేవాడు.

ఇంటి మీద గుర్తు పడిందని తెలిసి బయ్యమ్మ పుంగనూరు బస్సు దిగింది. మనవడి భుజం పట్టుకుని పెరట్లోకి వచ్చి, రాయినీ గోడ మీది రంగునూ మార్చి మార్చి చూసింది.

"ఒరేయ్, ఈ రాయి ఈడిది కాదు గదరా."

గిరీష్ వంగి రాయి మొదలు తడిమి చూశాడు.

"నీకు నాలుగేండ్లప్పుడు నా తుంటెముక ఇరిగింది. ప్రతి ఏడూ బొట్టు పెట్టేదానికి ఏటంచుకు దిగలేకపోయినా. పూజ తప్పకూడదని మీ తాత దీన్ని పెరట్లోకి తెచ్చినాడు."

"అవునప్పా," అంది లాల్ బీ గోడ మీదుగా. "మా ఆయన బండిలోనే తెచ్చినారు. చక్రం ఇరిగింది. నాకు బాగా యాదుండాది."

"ముందు యాడుండేది అవ్వా?"

బయ్యమ్మ చెయ్యి ఎత్తి ఏటి వైపు, బాగా దిగువకు చూపింది. సుబ్రమణ్యం మండపం కార్లు నిలిపే చోటు అది. సిమెంటు గచ్చు ఎండకు మెరుస్తోంది.

గిరీష్ సైకిల్ మీద ప్రాజెక్టు ఆఫీసుకు దూసుకెళ్ళాడు. మూడు వారాల తర్వాత అతని మొహం మళ్ళీ వెలిగిపోతోంది. వీధి నిలబడుతుంది, మండపం మాత్రం ఏటి హద్దులోనే ఉంటుంది, ఉషతో మాట కలుస్తుంది. ఒకే రాయితో అన్నీ కుదిరిపోయాయనుకున్నాడు.

"ఒక్క కాగితం రాయి ఉషా. అది జరిపిన రాయి, గీత తప్పు అని. అంతే, చాలు."

ఉష ఫైలు ముందుకు లాక్కుంది. "అసలు చోటు యాడని అడిగితే ఏం చూపిస్తావు?"

"అవ్వ చెప్తాది."

"గచ్చు కింద ఉండేదాన్ని అవ్వ మాట మింద నమ్ముతారా?" అంది మెల్లగా. మళ్ళీ తనే, "తప్పు నాది గిరీష్. అవ్వను అడగాల్సింది. నువ్వు చెప్పినావని అడగలా," అంది.

"రాస్తావా మరి?"

"రాస్తా." పెన్ను తీసుకుంది. రాయబోతూ ఆగి, "కానుగ మొక్కలకు నువ్వే గదా నీళ్ళు పోస్తాండేది?" అని అడిగింది. గిరీష్ సిగ్గుపడి తల ఊపాడు. ఆ ప్రశ్న ఆమె ఎందుకు అడిగిందో అతనికి అప్పుడు తట్టలేదు.

ఆ కాగితం పట్టుకుని సుబ్రమణ్యం తరఫు లాయరు కోర్టుకు వెళ్ళాడు. ఇంటివాళ్ళు బండిలో మోసుకొచ్చిన రాయిని చూసి గీసిన గీత ఇది, ఇక మిగిలిన గీతల్ని ఎలా నమ్మాలని అడిగాడు. అసలు చోటుకు రుజువు లేదు. సర్వే మొత్తం పక్కన పెట్టేశారు. ప్రాజెక్టు ఆగిపోయింది. ఎర్ర గుర్తుల మీద సున్నం కొట్టుకుని వీధి పండగ చేసుకుంది. సుబ్రమణ్యం ప్రతి ఇంటికీ లడ్డూ డబ్బా పంపాడు.

ఆ డబ్బా చేతిలో పట్టుకునే గిరీష్ ఆఫీసుకు వెళ్ళాడు. కాగితం ఇచ్చిన నాలుగో రోజే కంపెనీ ఉషను తీసేసిందని, సామాను సర్దుకుని కుప్పం వెళ్ళిపోయిందని చెప్పారు. ఆ కాగితం రాస్తే ఇదే జరుగుతుందని ఆమెకు ముందే తెలుసట. కానుగ మొక్కల సంగతి ఆ రోజు ఎందుకు అడిగిందో గిరీష్‌కు అప్పుడు తట్టింది.

ఫోన్ ఒక్కసారే ఎత్తింది. "నువ్వు అడిగినావని రాయలా, నిజమని రాసినా. మళ్ళా ఫోన్ చేయొద్దు," అంది.

మొక్కల చుట్టూ ఉన్న కంచె కర్రలు ఎవరో పీక్కుపోయారు. మేకలు కానుగ చిగుళ్ళు తినేశాయి. నీటికోళ్ళు దిగే చోట ఎవరో పడగొట్టిన ఇంటి శిథిలాలు తెచ్చి పోశారు. గిరీష్ కొత్తిమీర కోసి మార్కెట్‌కు వేస్తూనే ఉన్నాడు. ఈల మాత్రం మళ్ళీ వేయలేదు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు వాన తెరిపి ఇవ్వలేదు. నాలుగో రోజు పొద్దున పైన చెరువులన్నీ నిండి మరవ పారి, ఏరు నిండుగా దిగింది. నీళ్ళు మండపం గోడకు కొట్టుకుని ఈ వైపుకు తిరిగాయి. ముందు మడి పోయింది. ఘని తన బండిలో బయ్యమ్మను కూర్చోబెట్టి తోసుకుంటూ రోడ్డెక్కించాడు. జనమంతా బతికి బయటపడ్డారు. వెనక గోడలు ఒక్కొక్కటే కూలుతుంటే రోడ్డు మీద నిలబడి చూశారు.

మధ్యాహ్నానికి నీళ్ళు పెరగడం ఆగింది. గిరీష్ నడుము లోతు నీళ్ళు దాటుకుని పెరట్లోకి వచ్చాడు. వంటగది లేదు. మెరక మీద రాయి మాత్రం అలాగే నిలబడి ఉంది. దాని మొదలు తడుపుతూ, అంతకు మించి ఒక్క బెత్తెడు కూడా పైకి రాకుండా, ఏరు అక్కడికి వచ్చి ఆగింది.

అది ఉష గీసిన గీత. పాత ఏటికి అది తప్పు. గోడలు కట్టి గొంతు నొక్కిన ఈనాటి ఏటికి అదే నిజం. గిరీష్ ఆ నీళ్ళలోనే నిలబడి ఏడ్చాడు.

ఇళ్ళు పోయినవాళ్ళకు సుబ్రమణ్యం మండపంలోనే చోటిచ్చారు. పులిహోర పెట్టారు. బయ్యమ్మ తిండి ముట్టుకోలేదు. కార్లు నిలిపే చోట చాప పరిపించుకుని కూర్చుని, అరచేత్తో గచ్చును తడుతూ, "ఈడే. సరిగ్గా ఈడే," అంది.

పదో రోజు ఆఫీసర్లు వచ్చారు. వీధి ఇక పనికిరాదని, అందరికీ నిమ్మనపల్లె రోడ్డులో బండలమిట్ట మీద స్థలాలిస్తామని చెప్పి పోయారు. మండపం గోడ మాత్రం ఇంకా ఎత్తు లేపుతున్నారు.

"ఏరు వచ్చి పోయింది, బొట్టు పెట్టాల," అంది బయ్యమ్మ. "కొత్త కోడలు పెట్టాల. ఆ కుప్పం పిల్లను పిలుచుకోని రా."

"ఆ పిల్ల రాదవ్వా."

"అడిగినావా?"

గిరీష్ పొద్దున్నే బస్సెక్కాడు.

కుప్పం బయట ఒక కుంటను మట్టితో పూడ్చి ప్లాట్లు వేస్తున్నారు. ఉష అదే కొలత కర్ర పట్టుకుని, ప్లాట్ల హద్దు రాళ్ళు నాటిస్తోంది. చిక్కిపోయింది. గిరీష్‌ని చూసి కర్ర దించలేదు.

"బతుకుతెరువు," అంది, అతను అడగకపోయినా. "నీళ్ళు ఉండాల్సిన కాడే ఇండ్లకు రాళ్ళు నాటుతాండా. సూసి పో."

"ఏరు వచ్చింది ఉషా."

"పేపర్లో సూసినా. అవ్వ?"

"అందరూ ఉండారు. ఇండ్లే లేవు. నీళ్ళు యాడికొచ్చి ఆగినాయో తెలుసా? మా పెరట్లో రాయి మొదట్లో. బెత్తెడు తేడా లేదు."

ఉష కళ్ళు ఎటో చూస్తూ లెక్క వేసుకున్నాయి. "గోడ," అంది చివరికి. "గోడ వల్ల లేచింది. రాయి తప్పని తీసేసినామే గాని, ఇప్పుటి ఏరు యాడికి లేస్తాదని ఎవురూ లెక్కెయ్యలా. నేనూ ఎయ్యలా." కర్ర చేతిలోంచి జారిపోయింది. హద్దు రాయి మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంది. "ఆ కాగితం రాయకపోయి ఉంటే జనం ముందే లేచిపోయి ఉందురు గిరీష్."

"నేను అడగకపోయి ఉంటే నువ్వు రాసుండవు."

"నేను నిజమే రాసినా."

"నిజమే రాసినావు. దానివల్ల నువ్వు పోయినావు, ఏరు పోయింది, ఇండ్లు పోయినాయి. నాకు ఇంకేమీ మిగల్లేదు." గిరీష్ ఆమె ముందు మట్టిలో కూర్చున్నాడు. "ఆ దినం కాగితం అడిగేదానికి బదులు వేరేది అడగాల్సింది. నువ్వంటే నాకు ప్రాణం ఉషా. నీకు ఇచ్చేదానికి ఇల్లు లేదు, మడి లేదు. ధనియాలు మొలిస్తే అడిగింది ఇస్తానని అప్పుడు నేనన్నా. ఇప్పుడు నేనడుగుతాండా. వచ్చి బొట్టు పెట్టు."

"బొట్టు పెట్టేది కొత్త కోడలు గదా?"

"అవును."

ఆమె కళ్ళు తుడుచుకుంది. కర్రను అక్కడి మేస్త్రీ చేతికిచ్చి, వాళ్ళ నాయన గంగులయ్యకు ఫోన్ చేసింది. ఏం చెప్పిందో గిరీష్‌కు వినపడలేదు. చాలాసేపు అవతలి మాటే వింది. "సరే నాయనా, రేపు నువ్వే వచ్చి సూడు," అని పెట్టేసింది. బస్సులో పుంగనూరు దాటేదాకా ఆమె తల అతని భుజం మీద ఉంది.

పెరడంతా ఒండ్రు, విరిగిన పెంకులు. ఘని బయ్యమ్మను బండిలో తెచ్చాడు. లాల్ బీ పళ్ళెం పట్టుకుంది. ఉష పసుపు తీసుకుని, నీటి మరక పడిన చోటు వేలితో వెతికి, సరిగ్గా దాని మీదే బొట్టు పెట్టింది. అది అలవాటైన పని ఆమెకు.

"చెప్పమ్మా," అంది బయ్యమ్మ. "వచ్చిన దోవనే పో తల్లీ అని చెప్పు."

ఉష ఏటి వైపు చూసింది. మండపం గోడ మీద మేస్త్రీలు కొత్త వరస పేరుస్తున్నారు. దిగువన శిథిలాల గుట్ట. మధ్యలో సన్నటి మురుగు.

"దోవ యాడుండాది అవ్వా?" అంది.

ఉష రాయి ముందు వంగి, గిరీష్ చెయ్యి వెతికి పట్టుకుంది.

"మేమే పోతాం తల్లీ," అంది. "నువ్వుండు."

మాట తప్పు చెప్పావని బయ్యమ్మ అనలేదు. పళ్ళెంలోంచి అక్షింతలు తీసి ఇద్దరి తలల మీదా వేసింది. మరుసటి వారం బండలమిట్టకు సామాను తోలేటప్పుడు రాయిని కూడా ఎక్కించుకుందామా అని ఘని అడిగాడు. వద్దన్నారు. ఈసారి దాన్ని ఎవరూ జరపలేదు.